లోపించిన దొక్కటే: పైరు, పశువు, మనుష్యుల పోషణమును గూర్చిన పాఠము

సంఘపు గిడ్డంగికి యూరియా బస్తాలు దిగినవని తెలిసిన దినమున సభ్యులు తెల్లవారక మునుపే వచ్చి బారులు తీరుట మన మందర మెరిగినదే. అదే గిడ్డంగి మూలను జింకు సల్ఫేటు సంచులును, పశువులకు పెట్టు ఖనిజ లవణ మిశ్రమపు పొట్లములును దుమ్ము పట్టియుండును. వానిని గూర్చి యడుగువారు అరుదు. ఇంటిలోని స్థితియు నిట్టిదే. అన్నము కడుపునిండ వడ్డింపబడును. అన్నముతో కూడ రావలసినవి కొన్ని రాకపోవుచున్న సంగతి యెవరి కంటను పడదు. ఎక్కువగా నున్నదానినే మరికొంత చేర్చుట, తక్కువైనదానిని మరచుట అను అలవాటును పొలమునను, కొట్టమునను, వంటయింటను గూడ మేము చూచుచున్నాము. కావున ఈ పాఠమున పైరును, పశువును, మనిషిని వేరు వేరుగా గాక యొక్క వరుసను గూర్చి చెప్పదలచినాము.

ముందుగా పైరు సంగతి. మొక్క యేమి తిని పెరుగును? ఈ ప్రశ్నను త్రాసుతో పరీక్షించినవారిలో వాన్ హెల్మాంటు అను ఫ్లాండర్సు దేశపు వైద్యుడు ప్రసిద్ధుడు. ఆయన యెండబెట్టిన మట్టిని 200 పౌండ్లు తూచి తొట్టిలో పోసి, అందు 5 పౌండ్ల విల్లో మొక్కను నాటి, అయిదు సంవత్సరములు నీరు మాత్రమే పోసెను. తరువాత తూచగా చెట్టు 169 పౌండ్లకు పైగా నుండెను. మట్టిని మరల నెండబెట్టి తూచగా తరుగు సుమారు 2 ఔన్సులు మాత్రమే. ఆయన చనిపోయిన పిమ్మట 1648లో అచ్చయిన గ్రంథమున ఈ ప్రయోగము కలదు. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన నిశ్చయించెను. అది సగము నిజము. మిగిలినది గాలినుండి వచ్చినది. ఆకు సూర్యరశ్మి సాయమున గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు పీల్చిన నీటిని కలిపి చక్కెరను తయారు చేసికొనును. ఆ చక్కెరయే పిండియు, పీచును, కలపయు నగుచున్నది. ఎండిన పైరు తూకమున నూటికి 95 పాళ్ల వరకు గాలినుండియు నీటినుండియు వచ్చినదే. ఇందుకు రైతు వెల చెల్లింప నక్కరలేదు.

హెల్మాంటు లెక్కకు తేక వదలిన ఆ రెండు ఔన్సులే మనకు ముఖ్యము. నత్రజని, భాస్వరము, పొటాసియము. సున్నపు ధాతువైన కాల్షియము, మెగ్నీషియము, గంధకము. ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాను, మాలిబ్డినము, క్లోరిను, నికెలు – ఇవి మొక్క తన వేళ్లతో తీసికొనవలసినవి. గాలి, నీటి భాగములతో కలిపి మొత్తము 17 మూలకములు లేనిదే పైరు తన బ్రతుకును పూర్తి చేసికొన జాలదు. వీనిలో కొన్ని కిలోల లెక్కను, కొన్ని గ్రాముల లెక్కను కావలెను. టన్ను వడ్లు పండుటకు వరి గ్రహించు నత్రజని సుమారు 15 మొదలు 20 కిలోలు. జింకు 50 గ్రాముల ప్రాంతము. అనగా గుప్పెడు. గుప్పెడే కదాయని చులకన చేసినవాడు నష్టపోవును. ఒకటి చేయు పనిని మరియొకటి చేయజాలదు. జింకు లేని చోట నత్రజనిని రెండింతలు వేసినను అది జింకు పనికి రాదు.

ఈ నియమమును జర్మను దేశమున కార్ల్ స్ప్రెంగెలు 1828లో చెప్పగా, లీబిగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు లోకమునకు చాటెను. వారి దేశమున దీనికి పొట్టి పొడుగు పలకలతో కట్టిన పీపాను ఉపమానముగా చెప్పుదురు. మన రైతునకు మడిగట్టు చాలును. గట్టు నాలుగు వైపుల మోకాటి ఎత్తున నున్నను, ఒక్క చోట జానెడు పల్లమున్నచో నీరు జానెడే నిలుచును. తక్కిన మూడు వైపుల మట్టి వేసి యెత్తు చేసిన కొలది కూలి ఖర్చే గాని నీటి మట్టము పెరుగదు. పంట దిగుబడి అన్నింటికన్న తక్కువగా నున్న పోషకమును బట్టి నిలుచును.

వరిలో జింకు కొరత మంచి నిదర్శనము. హిమాలయ పాదమున తరాయి ప్రాంతపు వరిలో ‘ఖైరా’ యను జబ్బు పైరును పాడుచేయుచుండగా, దానికి తెగులు క్రిమి కారణము కాదనియు, జింకు కొరతయే కారణమనియు పంతునగర విశ్వవిద్యాలయమున వై. ఎల్. నేనే అను శాస్త్రజ్ఞుడు 1966లో తెలియజేసెను. మన డెల్టా భూములలోను, చౌడు నేలలలోను, నీరు తీయక యెడతెగక నిలువ యుండు మడులలోను ఈ కొరత సామాన్యము. నాటిన రెండు మొదలు నాలుగు వారములలో ముదురాకుల చివరలను, నడిమి యీనెకు ఇరుప్రక్కలను తుప్పు రంగు లేక యిటుక రంగు మచ్చలు కనబడును. ఆకులు చిన్నవై, పెళుసై, వంచినంతనే చిటుక్కున విరుగును. మొక్క గిడసబారి దుబ్బు చేయదు. రైతు దీనిని చూచి పైరు పసరెక్కలేదని యూరియా చల్లును. కొంత పచ్చబడినట్లు తోచును గాని దుబ్బు రాదు. మెత్తబడిన పైరుపై దోమపోటును అగ్గితెగులును హెచ్చును. పిదప పురుగుమందునకు మరల అప్పు. లోపించిన వస్తువు ఖరీదు కంటె లోపింపని వస్తువునకు చేసిన ఖర్చు పెక్కురెట్లు.

దీనికి చేయవలసినది సులభము. కొరత గల భూములలో ప్రతి మూడు పంటలకు ఒక్కసారి ఆఖరి దమ్ములో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయవలెను. భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. రెండును బిగిసి పైరుకు అందకుండ పోవును గనుక మూడు దినములైన ఎడమీయవలెను. పైరు మీద లక్షణములు కనబడిన యెడల లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి, అయిదేసి దినముల యెడముతో రెండు మూడు పర్యాయములు చల్లవలెను. పురుగు మందులతో దీనిని కలుపరాదు.

పైరు నోటితో చెప్పజాలనిది ఆకుతో చెప్పును. ఆ భాష కొంత నేర్చుకొనిన యెడల అంగడివాని మాట మీద ఆధారపడు అగత్యము తగ్గును. నత్రజని, పొటాషు వంటివి మొక్కలో ఒక చోటినుండి మరియొక చోటికి కదలగలవు. కొరత వచ్చినపుడు మొక్క వానిని ముదురాకులనుండి తీసి లేతాకులకు పంపును. పెద్దలు పస్తుండి పిల్లలకు పెట్టినట్లు. కాబట్టి క్రింది ఆకులు మొదట పాడగును. ఇనుము, గంధకము అంత సులభముగా కదలవు. వాని కొరత లేతాకులలో తోచును. సున్నపు పాలు హెచ్చుగా గల నేలలలో వేరుసెనగ లేతాకులు తెల్లబారుట ఇనుము కొరత వలననే. ఇచ్చట ఒక విశేషము కలదు. ఆ నేలలో ఇనుము లేక కాదు, బుట్టల కొలది యున్నది. అయినను వేరు తీసికొనగల రూపమున లేదు. అందుచేత లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదియు, 1 గ్రాము నిమ్మ ఉప్పును కలిపి ఆకుపై చల్లుదురు. నిమ్మ ఉప్పు లోని పులుపు ఇనుమును కరగిన స్థితిలో నిలుపును. ఈ నిమ్మ పులుపు సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మనుష్యుల ప్రకరణమున మరల వచ్చును.

పొటాషు విషయమున ఒక్క మాట. వరి గ్రహించిన పొటాషులో నూటికి 80 పాళ్లకు పైగా గడ్డిలోనే మిగులును, గింజలోనికి పోవునది కొంచెము. గడ్డిని పశువునకు వేసి ఆ పెంటను పొలమునకు తోలిన రైతు పొటాషును తిరిగి తెచ్చుకొనును. గడ్డిని పొలముననే కాల్చినవాడు నత్రజనిని గంధకమును పొగలో పోగొట్టుకొనును, పశువు మేతయు బూడిద యగును. యంత్రముతో కోత కోయుట హెచ్చిన తరువాత ఈ కాల్చు అలవాటు మన జిల్లాలకును ప్రాకినది. మాకు ఇది మిక్కిలి వ్యసనకరముగ నున్నది.

ఇక పశువు. ఆవు, గేదె, గొఱ్ఱె, మేక – నెమరువేయు జంతువులకు నాలుగు గదుల పొట్ట యుండును. మొదటి పెద్ద గది యొక పులియబెట్టు తొట్టి. అందు కోటానుకోట్ల సూక్ష్మజీవులు కాపురముండి మనకు అరుగని గడ్డిపీచును అరిగించును. అంతియే కాదు, సామాన్యమగు నత్రజని నుండి మాంసకృత్తులను నిర్మించును, బి జాతి విటమినులను తామే తయారుచేసి పశువునకు అందించును. కావుననే ఎండుగడ్డి తిని పాలిచ్చు అద్భుతము సాధ్యమగుచున్నది. ఐతే సూక్ష్మజీవులకును కూలి యీయవలెను. వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. అంత తక్కువ నత్రజనితో ఆ జీవులు వృద్ధిపొందవు. గడ్డి పొట్టలో నిలిచిపోవును. పశువు కడుపు నిండియు ఆకలితో నుండును.

దీనికి రెండు మార్గములు. మొదటిది గడ్డిని యూరియాతో మాగవేయుట. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల పై చిలుకు నీటిలో పూర్తిగ కరగించి, పొరపొరకు చల్లి త్రొక్కి, గాలి చొరకుండ పట్టాతో కప్పి మూడు వారములుంచవలెను. అప్పటికి మాంసకృత్తుల పాలు ఇంచుమించు రెండింత లగును, గడ్డియు మెత్తబడును. తీసిన గడ్డిని కొంత తడవు ఆరబెట్టి ఘాటు పోయిన పిమ్మటనే వేయవలెను. ఆరు నెలల లోపు దూడలకు వేయరాదు. యూరియాను నీటిలో గాని, తవుడులో గాని నేరుగా కలిపి పెట్టుట విషము పెట్టుటయే. ఈ యెచ్చరికను ఇంటిలోని పిల్లలకును పాలేర్లకును చెప్పియుంచవలెను. యూరియా కలిపిన నీటి బాన ప్రక్కన పశువును కట్టివేయరాదు.

రెండవ మార్గము మాకు మరింత ప్రియమైనది. కృష్ణా, గుంటూరు మండలములలో వరి కోతకు ముందు పిల్లిపెసర, జనుము చల్లు ఆచారము పూర్వమునుండి కలదు. ఈ కాయజాతి మొక్కల వేళ్ల బుడిపెలలో నుండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇచ్చును. పైభాగము పశువునకు మాంసకృత్తులు గల మేత, వేరు తరువాతి పైరుకు ఎరువు. పొలమును పశువును ఒక్క విత్తనము పోషించుచున్నది. అపరాలకు ధర వచ్చిన యేట పిల్లిపెసర మానుదురు. అది తప్పని మేము చెప్పజాలము. గట్టున అవిసె మొక్కలు నాలుగైనను నాటుకొమ్మందుము.

పచ్చిమేతలో మరియొక వస్తువు కలదు. ఎ విటమినుగా మారు కెరొటీను అను పసుపు పదార్థము ఆకుపచ్చతో కలిసి యుండును. ఎండుగడ్డిలో అది యెండకు నశించును. పచ్చిమేత యెరుగని చూడి పశువునకు పుట్టిన దూడలు బలహీనములుగాను, ఒక్కొక్కప్పుడు గ్రుడ్డివిగాను పుట్టుట ఈ కొరత వలన కలుగును. దినమునకు నాలుగైదు కిలోల పచ్చగడ్డి పెట్టిన ఈ భయము తీరును.

ఇక ఖనిజములు. లీటరు ఆవుపాలలో కాల్షియము సుమారు 1.2 గ్రాములు పోవును. పది లీటర్ల యావు దినమునకు 12 గ్రాములను పాలలో పోసికొనుచున్నది. వరిగడ్డిలోని ఆక్జలికామ్లము కాల్షియమును బంధించి అరుగనీయదు. తవుడులో భాస్వరము పుష్కలము గాని కాల్షియము అత్యల్పము. గడ్డియు తవుడుతోనే మేపిన పాడి పశువు తన యెముకలను కరగించి పాలిచ్చును. ఈనిన రెండు మూడు దినములలో మంచి పాడి పశువు కూలబడి, మెడను డొక్కవైపునకు త్రిప్పి, ఒడలు చల్లబడి యుండిన, అది పాలజ్వరము. పేరు జ్వరమే గాని ఒంటి వేడి తగ్గును. నెత్తురులో కాల్షియము పడిపోవుటయే కారణము. పశువైద్యుని వెంటనే పిలిచి నరమునకు కాల్షియము ఎక్కింపించిన గంటలలో లేచి నిలుచును. ఆలస్యము చేసిన చచ్చును. మంత్రించుటకు పోవుట గాని, నోట మందు పోసి ఊపిరితిత్తులలోనికి పోనిచ్చుట గాని కూడదు.

పశువులు ఎముకలను, గుడ్డలను, తోలుముక్కలను నములుట చూచి చెడ్డ అలవాటని కొట్టుదురు. అది భాస్వరపు ఆకలి గుర్తు కావచ్చును. దక్షిణాఫ్రికాలో 1920 ప్రాంతమున ఆర్నాల్డు థైలరు అను పశువైద్య శాస్త్రజ్ఞుడు దీనిని పరిశోధించెను. భాస్వరము లేని బీళ్లలో మేసిన పశువులు చచ్చిన జంతువుల యెముకలు నమిలి, అందలి విషము చేత పడిపోవుచుండెను. భాస్వరము పెట్టగానే ఎముకలు నములుట మానెను, చావులును ఆగెను. జబ్బు విషము, దాని వెనుక పోషకపు కొరత, దాని వెనుక నేల కొరత. నేల లేమి పచ్చికకును, పచ్చిక లేమి పశువునకును దిగినది. పెద్ద పశువునకు దినమునకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమము ఈ లోపములన్నిటికి చాలును. ఒక పశువునకు నెలకు కిలోన్నర; గిడ్డంగి మూలనున్న పొట్లములు అవియే.

మనుష్యుల విషయమునకు వచ్చుచున్నాము. మన తెలుగు తీరముననే జరిగిన దొకటి కలదు గనుక దానిని కొంత విపులముగ చెప్పుదుము.

ఇరువదవ శతాబ్దపు మొదటి సగమున, గంజాం మొదలు గుంటూరు వరకు గల సర్కారు తీరమున బెరిబెరి యను వ్యాధి యుండెను. కాళ్లు తిమ్మిరెక్కి, పిక్కలు నొచ్చి, మనుజుడు కూర్చున్న చోటినుండి లేవజాలడు. కొందరికి ఒడలు వాచి గుండె ఆగును. తల్లికి పైకి జబ్బేమియు కనబడకున్నను, ఆమె పాలు త్రాగు రెండు మొదలు అయిదు నెలల శిశువు హఠాత్తుగా చనిపోవుట కలదు. అదే మద్రాసు రాజధానిలోని దక్షిణ అరవ జిల్లాలలో నీ వ్యాధి లేదు. అచ్చటివారును వరియన్నమే తినుచుండిరి. భేద మేమనగా, వారు ఉప్పుడు బియ్యము తినువారు, మనవారు మరపట్టిన పచ్చి బియ్యము తినువారు.

దీనికి సమాధానము జావా దీవినుండి వచ్చెను. అచ్చట ఐక్మన్ అను డచ్చి వైద్యుడు బెరిబెరికి కారణమగు సూక్ష్మక్రిమిని వెదకుచు కోళ్లను పెంచుచుండెను. కోళ్లకు కాళ్లు పడిపోయినవి, కొంత కాలమునకు వానంతట అవే బాగుపడినవి. విచారింపగా, ఆస్పత్రి వంటవాడు మిగిలిన తెల్లబియ్యపు అన్నమును వానికి పెట్టుచుండెననియు, తరువాత వచ్చిన వంటవాడు ప్రభుత్వపు సొమ్ము కోళ్లపాలు చేయనని నిరాకరింపగా ముతక బియ్యము పెట్టిరనియు తేలెను. వంటవాని పిసినితనము శాస్త్రమునకు దారి చూపెను. తరువాత వోర్డర్మన్ అను నధికారి జావాలోని చెరసాలలను పరిశీలించి 1897లో లెక్కలు ప్రకటించెను. పైపొర తీయని బియ్యము పెట్టిన 37 చెరసాలలలో ఒక్కదానియందే బెరిబెరి కనబడెను. తెల్లబియ్యము పెట్టిన 51 చెరసాలలలో 36 యందు కనబడెను. ఇరుపక్షములకు వేరు వేరు ఆహారమిచ్చి ఫలమును పోల్చుట పాత పద్ధతియే. బైబిలులో దానియేలు గ్రంథమున రాజు భోజనమునకు మారుగా శాకధాన్యములు తిని, పది దినముల పిదప తమ ముఖములను పోల్చి చూడుమని కోరిన యువకుల కథ కలదు. మిషను పాఠశాలలలో చదివినవా రందరికిని అది తెలిసినదే.

తవుడులో నున్నది థయమిను, అనగా బి1 విటమిను. మనము తిన్న పిండిపదార్థము దేహమున శక్తిగా మారుటకు అది కావలెను. అన్నమే ప్రధానముగ తినువానికి దాని అవసరము హెచ్చు, కాని తెల్లని యన్నములో అది తక్కువ. పోషకాహార సంస్థవారి పాత పట్టికల ననుసరించి, 100 గ్రాముల మరపట్టిన పచ్చి బియ్యమున 0.06 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యమున 0.21, మరపట్టిన ఉప్పుడు బియ్యమునను 0.21, తవుడున 2.70 కలదు. పెద్దవానికి దినమునకు ఒక మిల్లీగ్రామునకు పైగా కావలెను. 400 గ్రాముల తెల్ల పచ్చి బియ్యము తిన్నవానికి 0.24 వచ్చును, అదే తూకపు ఉప్పుడు బియ్యము తిన్నవానికి 0.84. వడ్లను నానబెట్టి ఆవిరిపట్టునపుడు పైపొరలోని విటమిను నీటితో గింజలోనికి ఇంకును. పిదప మర దానిని గీకివేయ జాలదు. మన మిల్లులలో తయారైన ఉప్పుడు బియ్యము కేరళము మొదలగు చోట్లకు పోవుచుండగా మన పళ్లెములలో పచ్చి బియ్యమే యుండుట వింత.

ఈ లెక్క ఇంతటితో ముగియదు. తెల్లబియ్యమును మూడు నాలుగు సారులు పిసికి కడిగినపుడు మిగిలిన విటమినులో కొంత కడుగునీటిలో పోవును. గంజి వార్చినపుడు మరికొంత పోవును. ఈ కడుగును గంజియు ఎచ్చటికి పోవుచున్నవి? కుడితి తొట్టికి. తవుడును అచ్చటికే. గేదె కడుపులోని సూక్ష్మజీవులు బి1 విటమినును తామే తయారుచేయునని పైన చెప్పితిమి. అనగా, దానికి అక్కరలేని విటమినును మనము దానికి పోసి, మనకు అక్కరయైనదానిని మనము పోగొట్టుకొనుచున్నాము. గేదెకు కుడితి మానుమని మా భావము కాదు. తవుడులోని భాస్వరమును మాంసకృత్తులును దానికి కావలెను. బియ్యమును ఒకటి రెండు సారులు మాత్రమే కడిగి, ఎసరు సరిపడ పోసి అత్తెసరుగా వండిన చాలును. దంపుడు బియ్యము వాడువారు నెలకు సరిపడ మాత్రమే పట్టించుకొనవలెను; పైపొరలోని నూనె వలన అది త్వరగా ముక్కవాసన పట్టును.

బెరిబెరిని విచారించుటకే 1918లో రాబర్టు మెక్కారిసన్ కూనూరున ఒక్క గదిలో చిన్న పరిశోధనశాలను ప్రారంభించెను. అదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అని పిలువబడుచున్నది. పప్పు, కూర, గోధుమ భోజనమున చేరిన కొలది బెరిబెరి మన జిల్లాలలో అరుదైనది. నేటికిని మద్యమునకు లోబడి సరిగా తినని వారిలోను, తెల్లయన్నము చారునీళ్లతో మాత్రము పథ్యముంచబడిన బాలింతలలోను దాని భయము లేకపోలేదు. బాలింతకు పప్పు, కూర వాతమని నిషేధించు పెద్దలు ఈ సంగతిని గమనింపవలెను. ఆ పథ్యపు ఫలము పాలు త్రాగు బిడ్డకు సోకును.

పప్పు విషయమున పూర్వుల యలవాటు మెచ్చదగినది. మాంసకృత్తులు ఆమైనో ఆమ్లములను పూసలతో గ్రుచ్చిన దండలు. బియ్యపు మాంసకృత్తులలో లైసీను అను పూస తక్కువ. కందిపప్పులో అది హెచ్చు, మెథయొనీను తక్కువ. పశువునకు సూక్ష్మజీవులు అన్ని పూసలను చేసి పెట్టును. మనకు అట్టి సేవకులు లేరు. పప్పును అన్నమును కలిపి తిన్నపుడు ఒకదాని పల్లమును రెండవది పూడ్చును. ఇది మడిగట్టు న్యాయమే. కాల్షియమునకు రాగి మేలు. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా నుండగా తెల్లబియ్యమున 10 మాత్రమే. ఎదుగు పిల్లలకు ఉదయమున రాగిజావ పోయు ఇంటిలో డబ్బాపొడులకు ఖర్చు పెట్టనక్కరలేదు.

తుదకు ఇనుము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 58.8, తెలంగాణమున 57.6. పొలమున నాట్లు వేయునది, కలుపు తీయునది ఈ స్త్రీలే. ఆయాసము, అలసట, కన్నుల క్రింది రెప్ప తెల్లబారుట దీని గుర్తులు. కాన్పు వేళ నెత్తురు పోయిన ప్రాణాపాయము. ఇంటిలో అందరి పిదప తినుటయు, అప్పటికి కూర అడుగంటుటయు ఒక కారణము. చెప్పులు లేక మలముతో చెడిన నేలలో నడచునపుడు పాదముల గుండ చొచ్చు కొంకిపురుగు ప్రేగులలో నెత్తురు పీల్చుట మరియొకటి. గట్టులో ఎలుక బొరియ వంటిది, పైన ఎంత పోసినను క్రింద కారిపోవును. మూడవ కారణము వేరుసెనగ చేనిలో చూచినదే: ఇనుము ఉన్నను అందకపోవుట. ఆకుకూర, చిరుధాన్యములలోని ఇనుము మన ప్రేగులకు సులభముగ అంటదు. దానికి విరుగుడును ఆ చేనిలో చూచినట్టిదే. భోజనములో నిమ్మకాయ పిండుకొనుట, ఉసిరి, జామ తినుట. వానిలోని సి విటమినును పులుపును ఇనుమును కరగిన రూపమున నిలుపును. భోజనముతో గాని, తిన్న వెంటనే గాని టీ త్రాగిన, ఆ యొగరు ఇనుమును పట్టి బంధించును. గంట రెండు గంటల యెడ ముండవలెను.

ఉపకేంద్రమున వ్రేలి చుక్క నెత్తురుతో హిమోగ్లోబిను పరీక్షింతురు. గర్భవతి కాని స్త్రీకి 12 గ్రాములకు, గర్భవతికి 11 గ్రాములకు తగ్గిన రక్తహీనత యనుకొనవలెను. గర్భవతులకు ప్రభుత్వమువారు ఉచితముగ నిచ్చు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలికామ్లమును కలదు. దినమున కొకటి చొప్పున 180 దినములు, కాన్పు పిదప మరి 180 దినములు వేసికొనవలెను. ఈ ఫోలికామ్లమును 1945లో కృత్రిమముగ తయారుచేసిన అమెరికా పరిశోధక వర్గమునకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. నెత్తురులోని భాస్వరమును రంగును బట్టి కొలుచు పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించినవారును ఆయనయే. మాత్ర వేసికొన్న దినములలో విరేచనము నల్లగా నుండును. దానికి భయపడి మానివేయుట మేము పలు ఇండ్లలో చూచితిమి. అది మిగిలిన ఇనుము రంగే. కడుపులో వికారమున్న యెడల రాత్రి భోజనమైన పిమ్మట, నిమ్మనీటితో వేసికొనవచ్చును. కాల్షియము మాత్రను దానితో కలిపి వేసికొనరాదు. జింకును భాస్వరమును ఒక్కసారి చల్లరాదన్నట్లే, ఒకటి ఉదయమున, మరియొకటి రాత్రి.